కాగితం నాలుగు మడతలూ విప్పనేలేదు

మొన్న మన ఉగాది సంబరాల్లో జరిగిన ఈ సంగతి చాలామంది గమనించి ఉండరు. గమనించేంత సేపు జరగలేదు మరి.

ఎప్పట్లాగే మనకు హాలు పండగైన ఇన్నాళ్లకు దొరికింది. అదీ ఏప్రిల్ 25న, సరిగ్గా ఆంజాక్ డే నాడు, అంటే ఇక్కడ న్యూజిలాండ్‌లో యుద్ధాలకు వెళ్లినవాళ్లను తలచుకునే రోజున. మనం ఉంటున్న దేశం మాట కూడా ఒకటి వినిపిస్తే బాగుంటుందని మా పక్కింటి పెద్దాయన్ని పిలిచాను. కమిటీ ఐదు నిమిషాలిచ్చింది. ఆయన కోటుకు ఎర్ర పాపీ పువ్వు, కుడివైపు వాళ్ల నాన్న మెడల్స్ పెట్టుకుని వచ్చారు (తనవి కానివి అటే పెట్టుకోవాలట). జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. రెండో మడత విప్పేలోపే యాంకరమ్మాయి "థాంక్యూ అంకుల్, సో స్వీట్!" అంటూ మైకు తీసేసుకుంది. డీజే మెడ్లీ మొదలైంది. ఆయన కాగితాన్ని అవే మడతల మీద మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో కారులో ఆ కాగితం నేనే అడిగి చదివించుకున్నాను. అందులో ఉన్నది ఇదీ.

1939లో బ్రిటన్ యుద్ధంలోకి దిగగానే న్యూజిలాండ్ ప్రధాని సావేజ్, బ్రిటన్ ఎక్కడికి వెళ్తే మేమూ అక్కడికే అన్నారు. అప్పటికి దేశ జనాభా 16 లక్షలు. కుర్రాళ్లు గ్రీసు, క్రీటు, ఉత్తర ఆఫ్రికా ఎడారులకు వెళ్లారు. జపాన్ కూడా యుద్ధంలోకి దిగాక ఆస్ట్రేలియా తన సైన్యంలో చాలా భాగాన్ని వెనక్కి రప్పించుకుంది. వీళ్లు మాత్రం అక్కడే ఉంచారు. ఇంటి దగ్గరికి 1942లో అమెరికా సైనికులొచ్చారు. పసిఫిక్ దీవుల్లో పోరాడటానికి ఇంకో డివిజన్ని పంపారు గానీ, అంతమందిని రెండువైపులా నిలపడం వీళ్ల వల్ల కాలేదు. 1944లో దాన్ని రద్దు చేసి చాలామందిని పొలాలకు, ఫ్యాక్టరీలకు మళ్లించారు. మిత్రసేనలకు తిండి పంపడం కూడా యుద్ధమే అయింది.

పెద్దాయన నాన్న 1943 జూలైలో సెలవు మీద ఇంటికొచ్చిన దాదాపు 6,000 మందిలో ఒకరు. వచ్చి చూస్తే, ఒంట్లో సత్తువున్న మగవాళ్లు చాలామంది ఊళ్లోనే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ముందు వాళ్లను పంపండి, తర్వాత మేం వెళ్తాం అన్నారు వీళ్లు. చాలామంది తిరిగి ఓడ ఎక్కలేదు. సైన్యం నుంచి పారిపోయారంటూ వాళ్లకు శిక్షలు వేశారు. అప్పీలు కోర్టు ఆ శిక్షలు కొట్టేసినా, ప్రభుత్వం వాళ్లను సైన్యం నుంచి తీసేసింది. ఆ నాన్న మళ్లీ బతికున్నన్నాళ్లూ ఆంజాక్ డే తెల్లవారుజాము పరేడ్‌కు వెళ్లలేదట. ఇది కొడుకు ఎప్పుడూ బయట చెప్పని సంగతి. మన దగ్గర చెప్పొచ్చనుకున్నారు.

యాంకరమ్మాయిని తిట్టడం లేదు. రాత్రి 10కి హాలు ఖాళీ చేయాలి, వెనకాల పిల్లలు మేకప్పు చెరిగిపోయి ఏడుస్తున్నారు. ఆమె టెన్షన్ ఆమెది. కానీ స్పాన్సర్ల శాలువాలకు 35 నిమిషాలు పట్టింది, గడియారం చూసుకున్నాను. ఇంకోటి కూడా చెప్పాలి. ఎవరి అమ్మమ్మో, ఇంగ్లీషు ముక్క రాదు, వచ్చి ఆయన చేతిలో ఉగాది పచ్చడి పెట్టి "తిను నాయనా" అంది. వేపపువ్వుతో సహా మొత్తం తినేశారు.

కాగితం చివర్లో పెద్దాయన బాబాయి సంగతి ఉంది. ఆయన 1944లో ఇటలీలో, కాసినో దగ్గర పోరాడారు. అక్కడ న్యూజిలాండ్ సేనాని ఫ్రైబర్గ్ కింద న్యూజిలాండ్ డివిజన్ పక్కనే మన 4వ ఇండియన్ డివిజన్ ఉంది. అందులో మద్రాస్ సాపర్లు (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) ఉన్నారు. ఆ దళంలోకి తమిళులతోపాటు తెలుగువాళ్లనూ తీసుకునేవారు. మన మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ల సంగతి మనకు కొత్త కాదు. ఆఖరి వాక్యం హాల్లోవాళ్లను అడగాలని రాసుకున్న ప్రశ్న: "మీ తాతల్లో ఎవరైనా అక్కడ ఉన్నారా?"

కమిటీవారూ, వచ్చే ఏడు ఆయనకు దీపం వెలిగించగానే మైకివ్వండి, శాలువాల కంటే ముందు. తెలుగులో నేను చెప్తాను. ఈలోగా మీ ఇళ్లలో సాపర్ల ఫొటో గానీ, పాత పేబుక్ (సైనికుల జీతాల పుస్తకం) గానీ ఉంటే నాకు కబురు పెట్టండి. ఆదివారం కంచె దగ్గర కనపడ్డప్పుడల్లా ఆయన అడుగుతున్నారు.