వాట్సాప్ గ్రూపు ఆఫీసు బీరువా కాదు

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ రావడం ఇది మూడోసారి. మొదట పాత ఆఫీసు మిత్రుడు పంపాడు, తర్వాత మా బావమరిది, నిన్న అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ వచ్చింది. "చిన్న ఆఫీసులు, క్లినిక్కులు వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, వాట్సాప్ గ్రూపు చాలు" అంటూ అయిదు కారణాలు. ఒకేసారి జవాబు రాసేస్తున్నాను. ఇకమీదట ఎవరు పంపినా ఇదే తిరిగి పంపుతాను.

"నీలం టిక్కులు పడతాయి, ఎవరూ తప్పించుకోలేరు." చదివాడని తెలుస్తుంది, పని చేశాడని తెలియదు. దీనికి ఇంతకంటే అక్కర్లేదు.

"పూర్తిగా ఉచితం." నెలనెలా బిల్లు రాదు, నిజమే. కానీ బదులుగా మన వివరాలు ఇస్తున్నాం. 2021లో కొత్త ప్రైవసీ పాలసీకి ఒప్పుకోమని అందరి ఫోన్లకూ నోటీసు వచ్చింది, గుర్తుందా? వాట్సాప్, ఫేస్‌బుక్‌ల యజమాని అయిన మెటాలోని మిగతా కంపెనీలతో మన వివరాలు పంచుకోవద్దని చెప్పే వీలు అందులో లేదు. ఆ వ్యవహారంలోనే 2024 నవంబరులో మన దేశంలో వ్యాపార పోటీ వ్యవహారాలు చూసే కాంపిటీషన్ కమిషన్ మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

"ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి రోగుల రిపోర్టులు, ఆధార్ కాపీలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు." నాకు ఒళ్లు మండింది ఇక్కడే. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఆ తాళం 2016 నుంచి అందరికీ ఉంది, గట్టిదే. మన మెసేజ్‌లన్నీ మెటా చదివేస్తోందనే ఎదురు ప్రచారాన్నీ నేను ఒప్పుకోను. కానీ ఆ తాళం మెసేజ్ దారిలో ఉన్నంతసేపే. దిగాక అది గ్రూపులో అందరి ఫోన్లలో మామూలు ఫోటో.

నేను మూడేళ్లు ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో రిపోర్టుల కౌంటర్ చూశాను. అక్కడ పన్నెండు మందిమి రిపోర్టులు వాట్సాప్ గ్రూపులోనే పెట్టుకునేవాళ్లం. ఒక ఆదివారం మా అక్క కొడుకు నా ఫోన్‌లో తన పుట్టినరోజు ఫోటోలు చూస్తున్నాడు. కేకు ఫోటో జరిపితే ఒకావిడ ప్రెగ్నెన్సీ టెస్టు రిపోర్టు వచ్చింది. పేరు, వయసు, ఫోన్ నంబరు, పాజిటివ్. వాడు పేరు పైకే చదివి "ఎవరు మామయ్యా ఈవిడ?" అన్నాడు. చుట్టూ ఇంటిల్లిపాదీ ఉన్నారు. మాది చిన్న ఊరు, పేరు చెబితే ఫలానా వాళ్లమ్మాయి అని చెప్పగలరు. ఆవిడ అప్పటికి తన ఇంట్లోనైనా చెప్పుకుందో లేదో!

ఎవరూ హ్యాక్ చేయలేదు. ఫోటోలు వాటంతటవే గ్యాలరీలోకి దిగే సెట్టింగ్, అంతే. బ్యాకప్‌కూ అలాంటి తాళం 2021లో వచ్చింది గానీ మనం ఆన్ చేసుకుంటేనే. మాలో ఒక్కరూ చేయలేదు.

స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్ ప్రభుత్వ ఆరోగ్య సేవల్లోనూ ఇలాంటిదే జరిగింది. 2020 ఏప్రిల్ నుంచి రెండేళ్లలో 26 మంది సిబ్బంది వాట్సాప్ గ్రూపులో 500 సార్లకు పైగా రోగుల వివరాలు పెట్టారు. సిబ్బంది కాని మనిషిని కూడా పొరపాటున ఆ గ్రూపులో చేర్చారు. 2023లో అక్కడి సమాచార కమిషనర్ మందలించాడు. మన 2023 డేటా రక్షణ చట్టంలోనూ తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా ఉంది. ఆధార్ కాపీలు నిశ్చింతగా పెట్టమని రాసినాయన ఆ జరిమానా కడతాడా? ఆ ప్రెగ్నెన్సీ రిపోర్టు ఆవిడకు సమాధానం చెబుతాడా?

"పొరపాటైతే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ ఉంది." అదీ దాదాపు రెండున్నర రోజుల్లోపే. ఆలోపు ఎవరైనా ఫార్వర్డ్ చేసుంటే ఆ కాపీ పోదు. ఉద్యోగం మానేసినవాణ్ని గ్రూపులోంచి తీసేసినా పాత మెసేజ్‌లు వాడి దగ్గరే ఉంటాయి.

"డబ్బు పెట్టి కొన్న యాప్ రేపు మూతపడొచ్చు." దీన్ని మాత్రం కొట్టిపారేయలేను. ఫేస్‌బుక్కే 2016లో ఆఫీసుల కోసం వర్క్‌ప్లేస్ అనే యాప్ తెచ్చి, 2024లో మూసేస్తున్నామని ప్రకటించింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా ల్యాబ్‌లో కొన్న సాఫ్ట్‌వేర్ లాగిన్ అయ్యేలోపు కౌంటర్ ముందు లైను పెరిగేది. అందుకే అందరం గ్రూపుకు మళ్లాం, నాతో సహా. ఖరీదైనదేదో కొనమని నేను చెప్పడం లేదు. గ్రూపులో రిపోర్టు నంబరు వేసి "214 రెడీ" అని రాయండి, రిపోర్టు పెట్టకండి.

ఆవిడ రిపోర్టు ఆ రోజే చెరిపేశాను. నిన్న ఈ ఫార్వర్డ్ చదివాక వెతికితే, ల్యాబ్ మానేసి రెండేళ్లయినా నా గ్యాలరీలో ఇంకా నాలుగు వందలకు పైగా రిపోర్టులున్నాయి. రాత్రి కూర్చుని అన్నీ తీసేశాను. మిగతా పదకొండు ఫోన్లలో ఏమున్నాయో నాకు తెలియదు.