ఖండస్థాయి వాటర్ పోలో అర్హత గారికి, నాగావళి గట్టు నుంచి

మహారాజశ్రీ పురుషుల వాటర్ పోలో అర్హత పద్ధతి గారి సముఖమునకు,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఈతగాళ్లు, ఈత నేర్పే మాస్టార్లు, నీళ్లలో ఈదుతూ, జట్టుకు ఏడుగురు బంతిని గోల్‌లోకి విసిరే ఈ ఆటలో విజిల్ పట్టే నలుగురూ కలిసి రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించి అడగక్కర్లేదు. వందేళ్లుగా ఎన్నో జట్లు ఓడాయి గాని, తమరు మాత్రం ఒక్క ఆటా ఓడలేదు.

ముందుగా తమరి యూరప్ అవతారానికి దండం. 1926లో బుడాపెస్ట్‌లో మొదటి యూరోపియన్ ఛాంపియన్‌షిప్ జరిగింది, హంగరీ గెలిచింది. ఆ తర్వాత ఆట పెరిగింది, దేశాలు పెరిగాయి, తమరి తలుపు దగ్గర తోపులాటా పెరిగింది. చాలాకాలం 12 జట్లకే చోటిచ్చి, 2016లో బెల్‌గ్రేడ్‌లో దాన్ని 16 చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ 16 చోట్లలో నిజంగా ఖాళీగా ఉన్నవెన్ని అని మాత్రం ఎవరూ అడగలేదు. మేం అడుగుతున్నాం.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో పలాస బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేస్తాం. అది తప్పని మాకూ తెలుసు. కాని మా తువ్వాలు ఆ బస్సు వరకే చెల్లుతుంది. తమరి దగ్గర రెండేళ్ల కిందట వేసిన తువ్వాలు ఈ ఏడు కూడా చెల్లుతోంది. ఆతిథ్య దేశానికి మొదటి సీటు, సరే, ఈత కొలను వాళ్లది. ఆ వెంటనే పోయిన టోర్నీలో పై వరసలో నిలిచినవాళ్లకు నేరుగా సీట్లు. అవెన్ని అన్నది ఒక్కో టోర్నీకి ఒక్కో లెక్క, అది తమరి చిత్తం. మిగిలిన సీట్ల కోసం తక్కిన ఖండమంతా కొట్టుకోవాలి. మాల్టా, స్లొవేకియా లాంటి జట్లకు ఈ కొట్లాట బాగా తెలుసు. సెర్బియాకు ఆ రోజుల్లో తెలియాల్సిన అవసరమే రాలేదు: 2012 నుంచి 2018 వరకు వరుసగా నాలుగు టోర్నీలు గెలిచినవాళ్లు క్యూలో ఎందుకు నిలబడతారు?

నిజం చెప్పాలంటే గెలిచినవాడికి మర్యాద చేయడంలో తప్పులేదు. హంగరీ ఒలింపిక్స్‌లో 9 స్వర్ణాలు గెలిచిన దేశం, దాన్ని రెండేళ్లకోసారి అర్హత పోటీలకు పిలిచి చిన్న జట్ల మీద పాతికేసి గోల్స్ కొట్టించడం ఎవరికీ మంచిది కాదు. మా ఫిర్యాదు మర్యాద మీద కాదు. కింద మిగిలిన వాళ్లకు తమరు పెట్టే పరీక్ష మీద.

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. మూడు నాలుగు జట్లను ఒక ఊళ్లో, ఒకే కొలను దగ్గర చేర్చి, రెండు మూడు రోజుల్లో అందరితో అందరికీ ఆట పెట్టేస్తారు. లేదా ఇంటి దగ్గరొకటి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకటి ఆడించి, రెండు ఆటల గోల్స్ కలిపి లెక్క చూస్తారు. అక్కడ 7-9తో ఓడి, ఇక్కడ 11-9తో గెలిస్తే మొత్తం 18-18. గెలిచామని తువ్వాలు భుజాన వేసుకునేలోపు పెనాల్టీలకు పిలుస్తారు. అయిదు మీటర్ల దూరం నుంచి, జట్టుకు అయిదుగురు. అప్పటికి ఎనిమిదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు ఈదినవాళ్లు వాళ్లు. బంతి ఆటలో లేనప్పుడు గడియారం ఆగుతుంది కాబట్టి ఆ 32 నిమిషాలు గోడ మీద గడియారంలో గంట దాటతాయి. ఆ చేతులతో గురి చూడమంటారు. ఇది ఆట కాదనడం లేదు, ఇదే ఆటలో అసలు రుచి అని మాలో కొందరు వాదిస్తారు కూడా. వాళ్లెవరూ ఎప్పుడూ అయిదో షూటరుగా నిలబడినవాళ్లు కారు.

గ్రూపు లెక్క దగ్గరకు వస్తే తమరి అసలు ప్రతిభ కనబడుతుంది. మనవాళ్లకు అర్థమయ్యేలా మన ఊళ్ల పేర్లు పెట్టి చెప్తాం. బొబ్బిలి, సాలూరు, పాలకొండ, ఆమదాలవలస ఒక గ్రూపు అనుకోండి. పైనున్న రెండే ముందుకెళ్తాయి. బొబ్బిలి సాలూరుని 10-8తో కొట్టింది. సాలూరు పాలకొండని 12-10తో కొట్టింది. పాలకొండ బొబ్బిలిని 11-10తో కొట్టింది. ఆమదాలవలస ముగ్గురి చేతా ఓడింది, పాపం: బొబ్బిలి మీద 6-12, సాలూరు మీద 8-9, పాలకొండ మీద ఏకంగా 3-25. ఇప్పుడు పై మూడు జట్లూ రెండేసి గెలిచాయి, పాయింట్లు సమానం. ఎవరు ఇంటికి?

మొత్తం గోల్స్ తేడా చూస్తే పాలకొండకు 21 ఎక్కువ, బొబ్బిలికి 7, సాలూరుకి 1. మామూలు బుర్రకు సాలూరు ఇంటికి వెళ్లాలి. కాని తమరు ఆ మొత్తం చూడరు. సమానంగా నిలిచిన ముగ్గురి మధ్య జరిగిన ఆటలే చూస్తారు, వాటిలో పాయింట్లు, ఆ తర్వాత వాటిలో గోల్స్ తేడా. ఆ లెక్కలో బొబ్బిలికి 1 ఎక్కువ, సాలూరుకి సున్నా, పాలకొండకు 1 తక్కువ. ఆమదాలవలస మీద కొట్టిన 25 గోల్స్ చెల్లని నోట్లు. పాలకొండ ఇంటికి.

ఇందులో అన్యాయం లేదు, అదే మా బాధ. నిబంధన సరైనదే. బలహీనుణ్ని చితక్కొట్టి పైకెక్కడం ఆపడానికే పెట్టింది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఆ నిబంధన చదవకుండా నీళ్లలోకి దిగే కోచ్ దగ్గర. సాలూరుతో ఆటలో పాలకొండ ఆఖరి నిమిషంలో 10-11తో వెనకబడి ఉందనుకోండి. కోచ్ గోల్‌కీపర్ని కూడా ముందుకు తోలాడు, సమం చేద్దామని. బంతి చేజారింది, ఖాళీ గోల్‌లోకి పన్నెండోది పడింది. 10-11 దగ్గరే ఆగి ఓడిపోయి ఉంటే? ముగ్గురి లెక్కలో పాలకొండకు సున్నా, సాలూరుకి 1 తక్కువ. పాలకొండ ముందుకు, సాలూరు ఇంటికి. ఒక్క గోల్ తేడాతో ఓడడం ఎలాగో తెలియక టోర్నీ పోగొట్టుకున్నారు. పైగా ఆమదాలవలస మీద పాతిక కొట్టడానికి మొదటి ఏడుగురినీ చివరిదాకా నీళ్లలోనే ఉంచారు. మర్నాటికి వాళ్ల కాళ్లు లేవు.

ఈ కాళ్ల సంగతి తమరి ఫారాల్లో ఎక్కడా ఉండదు గనుక చెప్తాం. కళింగపట్నం, భావనపాడు వైపు మత్స్యకార పిల్లలు కెరటాల్లో ఈదగలరు, భుజాలు ఇనుము. కాని వాటర్ పోలో భుజాల ఆట కంటే ముందు తొడల ఆట. కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి గుండ్రంగా తిప్పుతూ, చేతులు ఖాళీగా ఉంచుకుని, నడుం దాకా నీళ్లపైన నిలబడాలి. దాన్నే ఎగ్‌బీటర్ కిక్ అంటారు. అది రోజూ చేయిస్తే తప్ప రాదు, లోతు లేకపోతే అసలే రాదు. పోటీకి కనీసం 1.8 మీటర్ల లోతు కావాలి, 2 మీటర్లుంటే మంచిది. మామూలు ఈత కొలనులో ఒక పక్క పిల్లలు నిలబడేంత లోతే. ఆ వైపు ఆడే జట్టు నేల మీద కాలు పెట్టి బంతి విసురుతుంది, నేల తాకడం గోల్‌కీపర్‌కి తప్ప ఎవరికీ ఒప్పు కాదు. అలా నేర్చిన కుర్రాడు నిజమైన కొలనులో మొదటి క్వార్టరు బాగా ఆడతాడు. రెండో క్వార్టరులో గడ్డం దాకా మునుగుతాడు. మూడో క్వార్టరులో ఎదుటివాడి భుజం పట్టుకుంటాడు. విజిల్ మోగుతుంది, వాడు కాసేపు బయట, గోల్‌కీపర్లు కాక అటు ఆరుగురు, ఇటు అయిదుగురు. ఇలా మూడుసార్లయితే ఆ ఆటకు వాడి సంగతి ముగిసినట్టే. చిన్న జట్ల స్కోరుబోర్డులు మూడో క్వార్టరులోనే ఎందుకు చెడతాయో తమరికి ఇప్పుడు అర్థమై ఉండాలి.

ఒలింపిక్స్ దగ్గర తమరి ఉదారత చూసి కళ్లు చెమర్చాయి. 2024 పారిస్‌కు పురుషుల చోట్లు 12: ఆతిథ్య ఫ్రాన్స్‌కి ఒకటి, 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి రెండు, అయిదు ఖండాలకు ఒక్కొక్కటి, 2024 దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి నాలుగు. ఖండానికొకటి అన్నమాట వినడానికి ఎంత బావుందో. తీరా నీళ్లలోకి దిగిన 12 జట్లలో ఆఫ్రికా జట్టు ఒక్కటీ లేదు. చోటు కాగితం మీద ఉండటం వేరు, దాంట్లో కూర్చోడానికి కొలనూ డబ్బూ సమాఖ్య సంతకమూ ఉండటం వేరు.

ఇక మా ఇంటి అవతారం. దానికి పెద్ద నమస్కారం.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. వాటర్ పోలోకి వచ్చినవి రెండే జట్లు, మనమూ సింగపూరూ. మనం గెలిచాం, స్వర్ణం. అప్పట్లో అర్హత అంటే రావడమే. 1970లో బ్యాంకాక్‌లో రజతం, 1982లో మళ్లీ ఢిల్లీలో కాంస్యం. ఆ తర్వాత పతకం లేదు. సరే, ఆట పడిపోయింది, లేపాలి. లేపడానికి బయట పెద్ద జట్లతో ఆడాలి. అక్కడే తమరు కేంద్ర క్రీడాశాఖ వేషంలో గుమ్మంలో కూర్చున్నారు: జట్టు క్రీడ అయితే ఆసియాలో మొదటి 8 ర్యాంకుల్లో ఉంటేనే ఆసియా క్రీడలకు పంపుతాం అని. ఆడితే గాని ర్యాంకు రాదు, ర్యాంకు వస్తే గాని ఆడనివ్వరు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. 2023లో ఇదే నిబంధన ఫుట్‌బాల్ జట్టుకు అడ్డొచ్చింది. దేశమంతా గోల చేసింది, శాఖ సడలించింది. సంతోషమే. అయితే సడలింపుకు కావలసిన అర్హత ర్యాంకు కాదు, గోల అని అప్పుడే తేలిపోయింది. ఆ లెక్కన ఖండం మొత్తంలో మొదటి ర్యాంకు మా విజయనగరం సిరిమానోత్సవం జనానికే రావాలి.

తమరికి కోపం వచ్చినా ఒకటి అడుగుతాం. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే ఊరుంది, అక్కడి పిల్లలు బరువులెత్తుతూ పెరుగుతారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి గారి ఊరు, 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ ఆటలోనూ ర్యాంకుల గొడవలు లేకపోలేదు గాని, పల్లెటూరి షెడ్డులోని 100 కిలోలూ సిడ్నీలోని 100 కిలోలూ ఒకటే. ఎవడెక్కడున్నాడో ఆ ఇనుమే చెప్పేస్తుంది. మా ఆటకు ఆ భాగ్యం లేదు, ఎదురుగా ఏడుగురు లేకపోతే మేమెంతో మాకే తెలియదు. అందుకే బయటివాళ్లతో ఆట మాకు బహుమానం కాదు, తూకపు రాయి.

జనం తక్కువని మాత్రం అనకండి. మాంటెనెగ్రో జనాభా దాదాపు 6 లక్షలు, 2008లో యూరప్ విజేత. 2011 లెక్కల్లో ఒక్క శ్రీకాకుళం జిల్లాయే 27 లక్షలు. లేనిది జనం కాదు, 2 మీటర్ల నీళ్లు.

కనుక తమరిని కోరేది స్వల్పం. ఎన్ని సీట్ల మీద తువ్వాళ్లున్నాయో, ఎన్ని ఖాళీయో టోర్నీకి రెండేళ్ల ముందే చెప్పండి, మధ్యలో మార్చకండి. ఖాళీ సీట్ల పోటీలు పెట్టేటప్పుడు రోజుకొక ఆటే ఉంచండి, జట్టులో సగం మంది ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చినవాళ్లే. ఢిల్లీ గుమ్మంలో కూర్చున్న తమరి తమ్ముడికి మాత్రం, ఆసియా పోటీల్లో ఒకసారి ఆడి వచ్చాకే మా ర్యాంకు అడగమనండి. లేదా అన్నిటికన్నా సులువైన దారి, ఆతిథ్యం, మాకిచ్చేయండి. 2024 పురుషుల యూరప్ పోటీలను ఇజ్రాయెల్ నుంచి చివరి నెలల్లో క్రొయేషియాకు మార్చినవారు, ఒకటి ఇటు తిప్పలేరా? విజయనగరం పెద్ద చెరువు సిద్ధం. నీటి వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలన్న నిబంధన ఒక్కటీ మే నెలలో చూసీ చూడనట్టు వదిలేయాలి. అడుగు కనబడదు కాబట్టి ఎవరు కాలు పెట్టారో రిఫరీకి తెలియదు, తగువులు తక్కువ.

ఇట్లు,
నాగావళికి అటూ ఇటూ ఉన్న తమరి విధేయులు

తా.క.: ర్యాంకు లేనివాళ్ల ఉత్తరాలు తమరి కార్యాలయంలో విప్పరని విన్నాం. అందుకని కవరు మీద పంపినవారి పేరు దగ్గర ‘1951 ఆసియా విజేత’ అని రాశాం. పాత తువ్వాలే గాని, వేసింది మేమే.