ఊరు ఇద్దరికీ కొత్తదైనప్పుడు

పరాయి దేశంలో కొత్త ఊరికి వెళ్లిన భార్యాభర్తలు మొదటి రెండు రోజులు ఏ టికెట్టూ కొనకుండా, ఇద్దరూ వంతులవారీగా దారి చూపుకుంటూ నడవాలని నా అభిప్రాయం. మా ఆయనా నేనూ పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లొచ్చాక అది మరీ గట్టిపడింది.

అమెరికాలో ఉన్న మనవాళ్ల యూరప్ ప్రయాణాల సంగతి మనకు తెలిసిందే. గ్రీన్ కార్డు ఉన్నా, పాస్‌పోర్టు ఇండియాదైతే, యూరప్‌లో చాలా దేశాలకు ఒక్కటే అయిన షెంగెన్ వీసా తప్పదు. అంత ప్రయాసపడి తెచ్చుకున్న వీసా, ఆఫీసులో అడిగి సంపాదించుకున్న సెలవు వృథా కాకూడదని వారంలో నాలుగు దేశాలు పెట్టుకుంటాం. ఆ తొందర నాకూ అర్థమవుతుంది. నన్ను బాధపెట్టేది వేరు. ఆ ప్రయాణం మొత్తం ఒక్కరి ఫోన్‌లోనే ఉంటుంది. రెండోవాళ్లు వెనక నడుస్తారు.

మా తరం ఆడవాళ్లం చాలామందిమి భర్త వీసా ఆధారంగా ఇచ్చే డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చాం. మేం దిగేసరికే ఆయనకు రోడ్లు తెలుసు, బ్యాంకు తెలుసు, ఇండియన్ స్టోర్‌కి ఏ ఎగ్జిట్ తీసుకోవాలో తెలుసు. మా మొదటి అమెరికా ఊరిని కారులో పక్క సీట్లో కూర్చునే నేర్చుకున్నాం. ఇందులో తప్పు ఎవరిదీ కాదు, ముందొచ్చినవాళ్లకు ముందు తెలుస్తుంది. కానీ ఇద్దరికీ ఒక్కలాగే తెలియని ఊళ్లో అడుగుపెట్టే అవకాశం కాపురంలో ఎన్నిసార్లు వస్తుంది? వచ్చిన ఒక్కసారీ మళ్లీ పక్క సీట్లోకే వెళ్లి కూర్చోవద్దని నేను అడుగుతున్నాను.

లిస్బన్ దీనికి భలే అనువైన ఊరు. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం, ఆ వెంటే సునామీ, రోజుల తరబడి మంటలు ఊరి నడిబొడ్డును నాశనం చేశాయి. ఆ తర్వాత పొంబాల్ అనే మంత్రి హయాంలో మళ్లీ కట్టిన బైషా పేటలో వీధులన్నీ గళ్లుగళ్లుగా, తిన్నగా ఉంటాయి. పక్కనే కొండవాలు మీద ఉన్న ఆల్ఫామా మాత్రం ఆ భూకంపాన్ని చాలావరకు తట్టుకుంది. అక్కడన్నీ సందులు, మెట్లు, మలుపులే. మ్యాపులో పక్కపక్కన కనిపించే రెండు వీధుల మధ్య నిట్టనిలువు మెట్లదారి ఉంటుంది. ఫోన్ జేబులో పెట్టేసి, కిందికి దిగితే నది, పైకి ఎక్కితే కోట అన్న ఒక్క గుర్తుతో తిరగొచ్చు.

ఒక పూట ఆయన ముందు, ఒక పూట నేను ముందు. నా వంతు వచ్చినప్పుడల్లా మెట్లే ఎక్కించాను. ఆయన ట్రాము పట్టాలు పట్టుకుని నడిచారు. ఇన్నేళ్ల కాపురంలో మా ఆయనకు పాత యంత్రాలంటే ఇంత ఇష్టమని నాకు తెలియదు. ఆ పసుపు ట్రాము మూలుగుతూ ఎత్తు ఎక్కుతుంటే, కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడిపోయేవారు. అన్నట్టు, 28వ నంబరు ట్రాము ఎక్కాలని, అది బయల్దేరే మార్తిం మొనీజ్ దగ్గర పొడుగాటి క్యూలో నిలబడకండి. అందులో జేబుదొంగల బెడద కూడా ఉంది. ఆ పట్టాల వెంటే గ్రాసా కొండ నుంచి ఆల్ఫామా మీదుగా బైషాకు నడిచి దిగండి, ఆ ట్రాము చూపించేదంతా చూడొచ్చు. చెప్పులు మాత్రం పట్టు ఉన్నవి వేసుకోండి. కాలిబాటల మీద పరిచిన సున్నపురాళ్లు అరిగి నున్నబడ్డాయి, వాన పడితే జారతాయి.

భోజనం సంగతీ చెప్పాలి. హోటల్లో కూర్చోగానే అడగకుండా తెచ్చిపెట్టే బ్రెడ్డు, ఆలివ్‌లు, చీజ్ ఉచితం కాదు. వద్దంటే తీసేస్తారు. శాకాహారులు లుమియార్ వైపున్న రాధాకృష్ణ గుడికి వెళ్లొచ్చు, అక్కడ శాకాహార క్యాంటీన్ ఉంది. ఆఫ్రికాలో పోర్చుగల్ ఏలిన మొజాంబిక్‌కు 1975లో స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అక్కణ్ణుంచి లిస్బన్ చేరిన గుజరాతీలు అక్కడి హిందూ సమాజానికి మూలం. అంటే రెండుసార్లు వలస వచ్చిన కుటుంబాలు. వాళ్లతో కాసేపు మాట్లాడితే మన కథ చాలా చిన్నదనిపిస్తుంది.

పేరున్న కట్టడాలను మూడో రోజుకు పెట్టుకోండి. లిస్బన్‌లోని బెలేం పేటలో వాస్కో డ గామా సమాధి ఉన్న జెరోనిముష్ మఠం సోమవారం మూసేస్తారు. మన గుంటూరు మిరపకాయ అమెరికా ఖండం నుంచి ఇండియాకు వచ్చింది పోర్చుగీసు ఓడల్లోనే. 1510లో గోవాను పట్టుకుని 1961 దాకా వదలనిదీ వాళ్లే. ఈ రెండూ కలిసి గుర్తొచ్చే చోటు అది, హడావిడిగా ఫొటో దిగి వచ్చేది కాదు.

ఉన్నవే నాలుగు రోజులు, రెండు నడకకే పోతే ఎలా అని మీరు అడగవచ్చు. నాలుగు రోజులే ఉంటే ఒక్క ఊరే చూడండి. మన తెలుగు సంఘం పెద్దలకు ఇంకొక విన్నపం: మన పత్రికలో యాత్రా వ్యాసం వేసే ప్రతిసారీ భార్య చేత ఒక పేజీ, భర్త చేత ఒక పేజీ విడివిడిగా రాయించండి. రాయడానికి నేను సిద్ధం, మా ఆయన్ను ఒప్పించే పూచీ కూడా నాదే.