విదేశంలో కొన్న తుపాకీ ఇంటికొస్తుందా?

డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడి, గ్రీన్‌కార్డు వచ్చాక ఓ పిస్టల్ కొనుక్కుని, వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కు వెళ్లే తెలుగువాళ్లు ఉన్నారు. (హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఆ సరదా మామూలుగా కుదరదు. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.) వీళ్లలో ఎవరైనా అన్నీ సర్దుకుని హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చేద్దామనుకుంటే పిస్టల్ దగ్గర ఆగిపోతారు. రొక్కం పెట్టి కొన్నది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నవి. మరి వెంట తెచ్చుకోవచ్చా?

కాగితం మీద దారి ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం పదో సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉంటే దిగుమతి చేసుకోవచ్చు. కస్టమ్స్ నిబంధనల్లో ఏళ్లుగా ఒక వెసులుబాటు కూడా ఉంది. నివాసం మార్చుకుని కనీసం ఏడాది ఉండటానికి ఇండియా వచ్చేవారు ఒక తుపాకీ తెచ్చుకోవచ్చు. ఆ తుపాకీ విదేశంలో కనీసం ఏడాది వాళ్ల దగ్గరే ఉండి, వాళ్లే వాడి ఉండాలి. సుంకం కట్టాలి. ఇక్కడి అధికారులిచ్చిన లైసెన్సు చూపాలి. తెచ్చాక బతికున్నంత కాలం దాన్ని అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, అరువు కూడా ఇవ్వకూడదు.

ఇవన్నీ సరే. చిక్కంతా ఆ తుపాకీ ‘అనుమతించిన బోర్’దై ఉండాలన్న షరతుతో వస్తుంది (బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు). అమెరికాలో సర్వసాధారణంగా కొనేది 9 ఎంఎం పిస్టల్. మన దగ్గర అది నిషిద్ధ బోర్. పోలీసులు, సైన్యం వాడే తూటా పౌరుల చేతికి చిక్కకూడదన్నది దీని వెనకున్న పాత భయం. .38దీ అదే పరిస్థితి. నిషిద్ధ బోర్‌కు లైసెన్సు ఇవ్వాలంటే కేంద్ర హోంశాఖే ఇవ్వాలి, మామూలు మనిషి దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఏఆర్-15 లాంటి రైఫిళ్ల గురించి అడగటం కూడా వృథా. మిగిలేవి .32 రివాల్వర్, 12 బోర్ లాంటి కొన్ని రకాలు. అమెరికాలో ఉన్నవాడు ఏరికోరి .32 కొని ఏడాదిపాటు వాడి ఉంటాడా?

అనుకుందాం, వాడాడు. అప్పుడైనా ఇక్కడి లైసెన్సు ముందే చేతిలో ఉండాలి. హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో అయితే కలెక్టర్, పోలీసు విచారణ జరిపించి గానీ ఇవ్వరు. పదిహేనేళ్లుగా ఇక్కడ లేని మనిషి గురించి స్టేషన్ ఎస్సై ఏం రాయాలి, ఎవర్ని అడగాలి? లైసెన్సు కావాలంటే ఇక్కడ ఉండాలి. తుపాకీ తేవాలంటే అక్కడి నుంచి రావాలి.

అటువైపు గుమ్మం కూడా తేలిగ్గా తెరుచుకోదు. అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు వాళ్లు సొంత వాడకానికి మూడు తుపాకుల దాకా లగేజీలో పట్టుకెళ్లే మినహాయింపు ఒకటుంది. కానీ వాటిని తిరిగి అమెరికాకు తేవాలి. శాశ్వతంగా పంపాలంటే అమెరికా వాణిజ్య శాఖ నుంచి ఎగుమతి లైసెన్సు తీసుకోవాలి. 2020 నుంచి ఈ తరహా తుపాకుల వ్యవహారం చాలావరకు ఆ శాఖ చేతుల్లోనే ఉంది. కాబట్టి నన్నడిగితే, అక్కడే అమ్మేసి రావడం మంచిది.

తుపాకులు పెరగాలని నేను కోరుకోవడం లేదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించడం మంచి పనే. నా అభ్యంతరం వేరు. మన నిబంధనలు మనిషిని చూడాల్సిన చోట తుపాకీ పుట్టిన దేశాన్ని చూస్తున్నాయి. 1980ల మధ్య నుంచి సామాన్యుడికి విదేశీ తుపాకీ దిగుమతి దాదాపుగా మూసేశారు. దానివల్ల ప్రమాదం తగ్గిందా? కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో చేసిన .32 రివాల్వర్, ఇంగ్లండ్‌లో చేసిన .32 రివాల్వర్ పేలితే తగిలే గాయం ఒకటే. తగ్గింది సరుకు మాత్రమే. దాంతో అంతకుముందు వచ్చిన పాత విదేశీ రివాల్వర్లకు గిరాకీ పెరిగింది. తాతల నాటి ఇంగ్లిష్ వెబ్లీ రివాల్వర్ ఇప్పుడు పొలం లాంటి ఆస్తి.

ఇంతకంటే నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. కస్టమ్స్ వాళ్లు జప్తు చేసిన విదేశీ తుపాకుల్ని ఎంపీలకు, కొందరు పెద్ద అధికారులకు అమ్మే ఆనవాయితీ ఈ దేశంలో నడిచింది. సమాచార హక్కు కింద వివరాలు బయటికొచ్చి పత్రికలకెక్కాయి. లైసెన్సు ఉన్న సామాన్యుడికి తలుపు మూసి, అక్రమంగా వచ్చి పట్టుబడ్డ సరుకును పెద్దల ఇళ్లకు చేర్చారు. భద్రత కోసమే నిషేధమైతే ఆ తుపాకుల్ని కరిగించేసి ఉండాలి కదా.

దారి నిజంగా తెరిచి ఉన్నది క్రీడాకారులకే. అది ఉండాల్సిందే. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినా, ఇషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చినా, ఆ స్థాయి పోటీకి వాల్తర్, పార్దిని లాంటి విదేశీ ఆయుధాలే కావాలి. ఇక్కడ నిబంధన చూసేది మనిషినే. జాతీయ పోటీల్లో నిర్ణీత స్కోరు సాధించాడా, రైఫిల్ సంఘం గుర్తించిందా అని అడుగుతుంది. అలాంటి పరీక్ష మిగతావాళ్లకు పెట్టలేమా? శిక్షణ, మానసిక ఆరోగ్యం, నేర చరిత్ర, ఇంట్లో తుపాకీ భద్రపరిచే ఏర్పాటు చూసి కాదనండి, ఒప్పుకుంటాం. పది మందిలో తొమ్మిది మందిని కాదన్నా సరే, కారణం చెప్పి కాదనాలి.

తుపాకీ తేనివాళ్లకు కూడా ఓ టెన్షన్ ఉంది. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే ప్రయాణానికి వాడితే, దాని మడతలో ఉండిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడుతుంది. శంషాబాద్‌లోనూ ఇలాంటి కేసులు వార్తలకెక్కాయి. తెలిసి దగ్గర పెట్టుకుంటేనే నేరమవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. దాని ఆధారంగా హైకోర్టులు ఇలాంటి ఎఫ్ఐఆర్‌లను కొట్టేస్తున్నాయి. అంటే నిబంధన చూడని మనిషిని చివరికి కోర్టు చూస్తోంది. కానీ అక్కడి దాకా వెళ్లేలోపు విమానం తప్పిపోతుంది, కేసు నమోదవుతుంది, లాయరు ఫీజు కట్టాల్సొస్తుంది, కొందరికి తిరుగు ప్రయాణమే ఆగిపోతుంది. రేంజ్‌కు వాడే బ్యాగును ఇండియా ప్రయాణానికి అసలు బయటికి తీయకపోతే గొడవే లేదు.