టెక్స్ట్ గేమ్‌కు ఏ క్లయింట్? మీ స్క్రిప్టులు ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకోండి

మడ్ అంటే చాలామంది ఆన్‌లైన్‌లో కలిసి ఆడే, అంతా రాతలోనే సాగే ఆట. దాన్ని ఆడటానికి ప్రత్యేకంగా క్లయింట్ అంటూ, అంటే ఆట సర్వర్‌కు మిమ్మల్ని కలిపే ప్రోగ్రామ్ అంటూ, ఏదీ అక్కర్లేదు, కనీసం లెక్క ప్రకారం. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్లిన తొలి మడ్ నుంచి నేటి దాకా పని జరిగే తీరు మారలేదు: సర్వర్ అక్షరాలు పంపుతుంది, మీరూ అక్షరాలే పంపుతారు. చాలా మడ్‌లలోకి ఇప్పటికీ ఉత్త టెల్‌నెట్‌తో, అంటే ఇంకో కంప్యూటర్‌తో అక్షరాలు ఇచ్చిపుచ్చుకునే పాత పనిముట్టుతో, వెళ్లొచ్చు. కాకపోతే విండోస్‌లో విస్టా కాలం నుంచి టెల్‌నెట్‌ను మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. మ్యాక్‌లోనైతే 2017 నాటి హై సియెర్రాతో దాన్ని తీసేశారు.

ఆన్ చేసుకున్నా అది ఎక్కువసేపు భరించగలిగేది కాదు. మీరు కమాండ్ సగం టైపు చేసేసరికి పక్క గదిలోంచి ఎవరో అరుస్తారు, ఆ వాక్యం వచ్చి మీ సగం కమాండ్‌ మధ్యలో పడుతుంది. పోరాటం సాగుతుంటే ఏది మీరు రాసిందో, ఏది ఆట రాసిందో తెలియదు. అందుకే ఏ మడ్ క్లయింట్ అయినా మొదట చేసే మేలు, టైపు చేయడానికి కింద ఒక వరుసను విడిగా ఉంచడం. వెనక్కి వెళ్లి చదువుకునే వీలు, పాత కమాండ్లను పైబాణంతో తెచ్చుకోవడం, ఆటను లాగ్‌గా దాచుకోవడం ఆ తర్వాతి సంగతులు. ఇవన్నీ ఇప్పుడు దాదాపు ప్రతి క్లయింట్‌లోనూ ఉన్నాయి. ఫీచర్ల పట్టికలో టిక్కులు లెక్కపెట్టి ఎంచుకోవడంలో అర్థం లేదనేది అందుకే.

అసలు తేడా స్క్రిప్టింగ్‌లో ఉంది. పొడుగు కమాండ్‌కు పొట్టి పేరు పెట్టుకుంటే అలియాస్. ఫలానా వాక్యం తెరమీదికి రాగానే ఫలానా పని చేయమంటే ట్రిగ్గర్. నెలలు గడిచేకొద్దీ ఇవి పోగవుతాయి. శత్రువుల బలహీనతలు, దారులు, మంత్రాల వరుస, ఏ ముఠావాళ్లు కనిపిస్తే పారిపోవాలి వంటి మీ ఆటజ్ఞానమంతా నెమ్మదిగా బుర్రలోంచి ఆ ఫైళ్లలోకి చేరుతుంది. అప్పుడు క్లయింట్ మార్చడమంటే ఆ జ్ఞానాన్ని మళ్లీ మొదటినుంచి రాసుకోవడమే.

జెడ్‌మడ్, దాని వారసుడు సీమడ్ వాడినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. తొంభైల చివర్లో జెడ్‌మడ్ చాలామందికి మడ్ క్లయింట్ అంటే అదే అన్నంతగా నడిచింది. మ్యాపర్ (మీరు తిరిగిన గదుల మ్యాప్ గీసే భాగం) విషయంలో అప్పట్లో అది ముందుండేది. కానీ అది డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన, కోడ్ మూసి ఉంచిన సాఫ్ట్‌వేర్. స్క్రిప్టు భాష కూడా దాని సొంతం. అభివృద్ధి ఆగిపోయాక ఏళ్ల తరబడి రాసుకున్న స్క్రిప్టులను పట్టుకుని జనం పాత విండోస్ సెట్టింగులతో కుస్తీ పట్టాల్సి వచ్చింది. నిక్ గామన్ రాసిన మష్‌క్లయింట్ కూడా తొంభైల నాటిదే, అదీ విండోస్‌కే పుట్టింది. కానీ తర్వాత దాన్ని ఉచితం చేసి, సోర్స్ కోడ్ బయటపెట్టారు. పైగా అందులో స్క్రిప్టులను లువా, పైథాన్ వంటి బయట కూడా వాడే ప్రోగ్రామింగ్ భాషల్లో రాసుకోవచ్చు. ఈ రెండు కథల్లో ఏది చూసి పాఠం నేర్చుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది మడ్‌లెట్. ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, స్క్రిప్టులు లువాలో రాస్తారు. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) అలవాటున్నవాళ్లకైతే టిన్‌టిన్ ప్లస్ ప్లస్ ఇంకా హాయి. దాని భాష దానిదే అయినా అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటుంది, ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టుకోవచ్చు. ఏదైనా సర్వర్ మీద, మీరు బయటికొచ్చినా టెర్మినల్‌ను నడుస్తూనే ఉంచే టీమక్స్‌లో నడిపితే ఇంట్లో కంప్యూటర్ ఆపేసినా ఆటలో కనెక్షన్ తెగదు. ఫోన్‌లో ఆడేవాళ్లకు కూడా ఇదే నయం. మామూలు ఫోన్ యాప్ వెనక్కి వెళ్లగానే చాలాసార్లు లైను తెగుతుంది.

ట్రిగ్గర్ల గురించి ఒక హెచ్చరిక. ‘నీ ప్రాణం సన్నగిల్లింది’ అని కనిపిస్తే మందు తాగమని ట్రిగ్గర్ పెట్టారనుకుందాం. అది కనిపెట్టిన కొంటె ఆటగాడు అదే వాక్యాన్ని మీ ముందు నాలుగుసార్లు పలికితే మీ సంచిలో మందంతా ఖాళీ! వాక్యం వరుస మొదట్లోనే ఉండాలని ట్రిగ్గర్ నమూనాలో క్యారెట్ (^) గుర్తుతో కట్టడి చేస్తే ఈ బెడద చాలావరకు పోతుంది. ఇంకో గొయ్యి ఉంది. కొన్ని క్లయింట్లలో సెమీకోలన్ కమాండ్లను విడదీసే గుర్తు. అవతలివాడి మాటను పట్టుకుని తిరిగి పంపే ట్రిగ్గర్ రాస్తే, అతను తన మాటలో ఒక సెమీకోలన్ ఇరికించి మీ చేత మీ బంగారం అతనికే ఇప్పించవచ్చు.

మ్యాపర్ బాగుందని క్లయింట్‌ను పొగిడేముందు మీ ఆట ఏం పంపుతోందో చూడాలి. జీఎంసీపీ అనే పద్ధతి ఉన్న మడ్ తెరమీది వాక్యాలతోపాటు మీ ప్రాణం, గది గుర్తింపు సంఖ్య వంటివి కనిపించని పక్కదారిలో జేసన్ (ప్రోగ్రాములు సులువుగా చదవగలిగే టెక్స్ట్ పద్ధతి) రూపంలో పంపుతుంది. గది సంఖ్య చేతికొస్తే మ్యాప్ గీయడం సులువు. లేకపోతే గది పేరు, వర్ణన, ద్వారాలు చూసి క్లయింట్ ఊహించుకోవాలి. ఒకే వర్ణనతో ఇరవై గదులున్న అడవిలో ఎంత గొప్ప మ్యాపరైనా తడబడుతుంది. పాత మడ్‌లు చాలావాటిలో జీఎంసీపీ లేదు. అక్కడ కాగితం, పెన్సిల్ తీయడం సిగ్గుపడాల్సిన పనేం కాదు.

అకేయా నడిపే ఐరన్ రియల్మ్స్, బ్యాట్‌మడ్ వంటివి సొంత క్లయింట్లు ఇస్తాయి. ఆట మీకు నచ్చుతుందో లేదో చూడటానికి అవి చాలు. స్థిరపడాలనుకుంటే మాత్రం వేరేది చూసుకోవడం మంచిది. ఒక ఆట క్లయింట్‌లో రాసుకున్నది ఇంకో సంస్థ ఆటకు చాలావరకు పనికిరాదు.

క్లయింట్లను పోల్చేవాళ్లు రంగులు, కిటికీలు, గేజ్‌ల గురించి రాస్తారు. మడ్‌లు ఆడేవాళ్లలో చూపులేనివారు గణనీయంగా ఉన్నారన్నది మరిచిపోతారు. బొమ్మల ఆటలు మూసేసిన తలుపు వాళ్లకు ఇక్కడ తెరిచి ఉంది. వారికి కావాల్సింది వచ్చిన ప్రతి కొత్త వరుసనూ తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు వెంటనే అందించడం, గుర్తులతో గీసిన మ్యాపులను చదవకుండా దాటవేయడం, ముఖ్యమైన సంఘటనకు శబ్దం మోగించడం. విఐపీమడ్ ఈ అవసరం కోసమే పుట్టింది, మష్‌క్లయింట్‌కు ఇందుకోసం ప్లగిన్లు ఉన్నాయి. మడ్‌లెట్ ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చింది. ఇంత టెక్స్ట్ ఉన్న రంగంలో ఆ ఆలస్యం నాకు అర్థం కాని విషయం.

టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా ప్రయాణిస్తుంది. మీ మడ్ టీఎల్‌ఎస్ (సమాచారాన్ని గుప్తంగా మార్చి పంపే పద్ధతి) పోర్ట్ ఇస్తుంటే దాన్ని వాడే క్లయింట్‌నే తీసుకోండి, ఇవ్వకపోతే ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి. ఎవరో రాసిన స్క్రిప్టుల ప్యాకేజీని దించుకుంటే అది మీ ఫైళ్లను కూడా తాకగలదని గుర్తుంచుకుని, కోడ్ ఒకసారి చదవండి.

ఏ క్లయింట్ తీసుకున్నా మొదటి వారంలోనే ఒక పరీక్ష పెట్టండి. మీ అలియాస్‌లు, ట్రిగ్గర్లు బయటికి తీసి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. చదివి అర్థం చేసుకోగలిగితే కొనసాగండి. అర్థంకాని గజిబిజి కనిపిస్తే అప్పుడే వేరేదానికి మారిపోండి, పది ట్రిగ్గర్లను మళ్లీ రాసుకోవడానికి ఒక సాయంత్రం సరిపోతుంది.