జాకెట్‌లో గాలి ఉంది, ఆ సంగతి చెప్పాలి

2013 ఆగస్టు 23న స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్‌లాండ్ దీవుల్లోని సంబరా విమానాశ్రయం దగ్గర, సముద్రంలోని చమురు రిగ్గుల సిబ్బందిని తెస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్ నీళ్లలో పడి తలకిందులైంది. 18 మందిలో నలుగురు చనిపోయారు. ప్రయాణికుల లైఫ్‌జాకెట్లలో శ్వాస పరికరం ఉంది. వదిలిన ఊపిరినే మళ్లీ పీల్చుకునే సంచి, అందులోకి తనంతట తానే గాలి నింపే చిన్న సిలిండర్ కలిసినదది. ఆ సిలిండర్ మాటే సేఫ్టీ వీడియోలో లేదని దర్యాప్తులో తేలింది. ఉత్త సంచే అనుకున్న మనిషి, మునిగేలోగా గుండెల నిండా ఊపిరి తీసుకోలేకపోతే, ఇక అది పనికిరాదనుకుని వదిలేస్తాడు. పరికరం కొనడానికి పెట్టిన శ్రద్ధ, దాని గురించి చెప్పడంలో పెట్టకపోవడమే నా అభ్యంతరం.

హెలికాప్టర్‌కు ఇంజిన్లు, గేర్‌బాక్స్, తిరిగే రెక్కల రోటర్, బరువైనవన్నీ పైనే. అందుకే నీళ్లలో తిరగబడుతుంది. చన్నీళ్లలో మామూలు మనిషి ఊపిరి బిగబట్టగలిగేది 20 సెకన్లలోపే. నిండుగా ఉన్న హెలికాప్టర్ నుంచి అందరూ బయటపడడానికి నిమిషానికి పైగా పట్టవచ్చు. ఆ తేడాను పూడ్చడానికే ఈ పరికరం. సముద్రం మీది హెలికాప్టర్ల భద్రతపై 2014లో జరిపిన సమీక్ష తర్వాత బ్రిటన్ పౌర విమానయాన నియంత్రణ సంస్థ, మునిగాక కూడా నోట్లో పెట్టుకుని వాడగలిగే రకమే ఉండాలని పట్టుబట్టింది.

సంచి లేకుండా నేరుగా సిలిండర్ నుంచే గాలి పీల్చే రకంలో ఉండేది దాదాపు 50 లీటర్ల గాలి. భయంతో ఎగపీలుస్తుంటే నిమిషంలోనే అయిపోవచ్చు. కాబట్టి వరస తప్పకూడదు. ఒక చెయ్యి కిటికీ అంచు మీద ఉండాలి, రెండో చేత్తో మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని పళ్లతో పట్టాలి. అందులో చేరిన నీళ్లను గట్టిగా ఊది బయటకు పంపాలి. ఊదడానికి ఊపిరి లేకపోతే, సిలిండర్ గాలితో ఆ నీళ్లను తోసేసే పర్జ్ బటన్ నొక్కాలి. ముక్కు క్లిప్ పెట్టుకోవాలి. తలకిందులుగా ఉన్నప్పుడు నీళ్లు నేరుగా ముక్కులోకే పోతాయి. హెలికాప్టర్ కదలిక ఆగాక కిటికీ తోసెయ్యాలి, ఆ తర్వాతే బెల్ట్ విప్పాలి. ముందే విప్పితే ఒళ్లు తేలిపోతుంది, తోయడానికి ఆనుడు దొరకదు. పైకి తేలేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. లోతులో పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది, ఒకట్రెండు మీటర్ల తేడాకే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు.

ఇదంతా చలి సముద్రాల గొడవ అనుకుంటే పొరపాటు. 2022 జూన్ 28న అరేబియా సముద్రంలోని చమురు క్షేత్రం ముంబై హైలో రిగ్గు దగ్గర హెలికాప్టర్ నీళ్లలో పడి, తొమ్మిది మందిలో నలుగురు మరణించారు. అక్కడివి వెచ్చని నీళ్లే. రాజమహేంద్రవరం నుంచి కేజీ బేసిన్ రిగ్గులకు వెళ్లేవాళ్ల కింద ఉండే బంగాళాఖాతమూ అంతే. వెచ్చని నీళ్లలో ఊపిరి కాసేపు ఎక్కువ ఆగుతుంది, నిజమే. కానీ తలకిందులైన చీకట్లో కిటికీ ఎటుందో తెలియకపోవడం, పక్కవాడి కాళ్లు అడ్డం రావడం ఏ సముద్రంలోనైనా ఒకటే.

జాకెట్ చేతికిచ్చేటప్పుడే అందులో సంచి ఉందా, సిలిండర్ ఉందా, రెండూనా అన్నది తెలుగులో చెప్పాలి. సిలిండర్ ఉంటే, దాని గేజ్‌లో గాలి ఒత్తిడి చూపించాలి. శిక్షణ కొలనులో ఏ మోడల్‌తో నేర్పారో, ఎగిరేరోజు ఒంటి మీద అదే ఉండాలి. మౌత్‌పీస్ ఛాతీకి ఏ వైపు ఉందో వెతుక్కోవాల్సి వస్తే, ఉన్న కొద్ది సెకన్లూ అక్కడే పోతాయి.