చదవడం ఎందుకు, లెక్కపెడితే పోలా!

ఒక శాస్త్రవేత్త గొప్పవాడో కాదో తేల్చడానికి పూర్వం చాలా మోటు పద్ధతి ఉండేది. ఆయన రాసిన పేపర్లు చదివేవారు. చదివితే సరిపోదు, అర్థం కావాలి. అర్థమయ్యాక పక్కవాళ్లతో వాదించాలి. ఇంతా చేసి ఒక్కోసారి సొంత అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చేది. సెలక్షన్ కమిటీలో కూర్చునే పెద్దమనుషులను ఇంత కష్టపెట్టడం న్యాయమా?

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ బాధ తీర్చారు. ఒకరి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్లో ఉదహరిస్తే అది ఒక సైటేషన్. మీ పేపర్లలో ఒక 20 పేపర్లకు తలా 20 సైటేషన్లకు తక్కువ కాకుండా ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 20. అంతే, జీవితకాలపు తపస్సు రెండంకెల్లో ఇమిడిపోయింది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో అసోసియేట్ ప్రొఫెసర్‌కి సుమారు 12, ప్రొఫెసర్‌కి 18 ఉంటే బాగుంటుందని కూడా ఆయనే సూచించారు. అయితే ఇది భౌతిక శాస్త్రం లెక్క అనీ, వేరే శాస్త్రాల్లో అంకెలు వేరుగా ఉంటాయనీ అదే పేపర్లో రాశారు. ఆ ముక్క తెలియాలంటే పేపర్ చదవాలి కదా!

గణితంలో ఒక సిద్ధాంతం నిరూపించడానికి ఏళ్లు పట్టవచ్చు. దాన్ని చదివి వాడుకోగలిగేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. రిఫరెన్సులు కూడా పొదుపుగా ఇస్తారు. వైద్య పరిశోధనలో జనం ఎక్కువ, పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపర్ చివర రిఫరెన్సుల జాబితా బారెడు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టి, గణితజ్ఞుడి అంకె చూసి పెదవి విరవడంలో ఉన్న సుఖమే వేరు.

దీనికీ విరుగుడు కనిపెట్టారు. మీ పేపర్‌కి వచ్చిన సైటేషన్లను, అదే రంగంలో అదే ఏడాది వచ్చిన పేపర్ల సగటుతో భాగిస్తారు. 1 వస్తే ప్రపంచ సగటు, 2 వస్తే దానికి రెట్టింపు. సబబైన పద్ధతే, కాదనను. కాకపోతే మీది ఏ రంగమో మీరు చెబితే చెల్లదు. మామూలుగా ఏ జర్నల్లో అచ్చయిందో చూసి, సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేస్ తేలుస్తుంది. జీవకణాల కదలికకు సమీకరణాలు రాసినాయన, వాటిని జీవశాస్త్ర జర్నల్లో వేస్తే సగటుకు దిగువన మిగిలిపోవచ్చు, గణిత జర్నల్లో వేస్తే మేటి కావచ్చు. సమీకరణాలు మాత్రం అవే. పైగా సగటు చిన్నదైన చోట నలుగురు కూడబలుక్కుని ఒకరి పేపర్లు ఒకరు ఉదహరించుకుంటే చాలు, పైకి తేలిపోతారు. ఈ గోల భరించలేక 2023లో సైటేషన్ల లెక్కలు కట్టే క్లారివేట్ సంస్థ, ఎక్కువ సైటేషన్లున్న శాస్త్రవేత్తల జాబితాలోంచి గణితాన్ని మొత్తానికే తీసేసింది. కొలబద్దకు లొంగని శాస్త్రానికి ఆ మాత్రం శిక్ష ఉండాల్సిందే.

ఇంతకీ సైటేషన్ల లెక్కలో దశాబ్దాలుగా అగ్రస్థానంలో ఉన్న పేపర్ ఏది? సాపేక్ష సిద్ధాంతం కాదు, డీఎన్ఏ నిర్మాణమూ కాదు. ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద 1951లో ఆలివర్ లోరీ బృందం రాసినది. 3 లక్షలు ఎప్పుడో దాటింది. అదంత గొప్ప పేపరేమీ కాదని లోరీ గారే తర్వాత అన్నారు. అంకె ముందు ఆయన మాట చెల్లలేదు.

2015లో హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మ కణం ద్రవ్యరాశి మీద వచ్చిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు వాళ్ల పేర్లూ సంస్థల పేర్లే. మామూలు లెక్కలో ప్రతి సైటేషనూ అందరి ఖాతాల్లోనూ పూర్తిగా పడుతుంది. ఆ కణం ఉంటుందని 1964లోనే చెప్పిన పీటర్ హిగ్స్ మాత్రం ఆ తర్వాత రాసినవి పది పేపర్లు కూడా లేవు. ఈమధ్య ఏం అచ్చు వేశారని డిపార్ట్‌మెంట్ అడిగితే “ఏమీ లేవు” అని రాసి పంపేవారట. ఇప్పటి రోజుల్లో అయితే తనకు ఉద్యోగమే వచ్చేది కాదని, నోబెల్ వచ్చిన 2013లో ఆయనే చెప్పుకున్నారు. నోబెల్ కమిటీ పేపర్లు చదువుతుందేమో, పాతకాలపు మనుషులు.

సొంత డప్పు కొట్టుకుంటారనీ, దొంగ సైటేషన్లు కొనుక్కుంటారనీ కొందరు ఆక్షేపిస్తారు. నిజమే, 2024లో ఇద్దరు పరిశోధకులు అర్థంపర్థం లేని పేపర్లు సృష్టించి లారీ అనే పిల్లికి, పేపర్లనూ సైటేషన్లనూ చూపించే గూగుల్ స్కాలర్‌లో 11 హెచ్-ఇండెక్స్ సంపాదించిపెట్టారు. హిర్ష్ గారి లెక్కన అసోసియేట్ ప్రొఫెసర్‌కి ఒక్కటి తక్కువ. అంటే వ్యవస్థ గట్టిగానే ఉందన్నమాట!

హెచ్-ఇండెక్స్‌లో నాకు నచ్చిన గుణం ఇంకొకటుంది. అది తగ్గదు. పని మానేసినా పెరుగుతుంది, తిట్టడానికి పేరెత్తినా పెరుగుతుంది, మనిషి పోయాక కూడా పెరుగుతుంది. చచ్చి సాధించడమంటే ఇదే. ఈ సదుపాయాన్ని మన కమిటీలు ఇంకా సరిగా వాడుకోవడం లేదు. కీర్తిశేషులు ల్యాబ్ అడగరు, సెలవు పెట్టరు, మీటింగుల్లో అడ్డుపడరు. అంకె మాత్రం ఏటా పైకే. ఈసారి ఖాళీలు భర్తీ చేసేటప్పుడు వారి దరఖాస్తులను కూడా సానుభూతితో పరిశీలించాలని మనవి.